నాయనమ్మ నాలుగు గంటల ప్రార్థన

రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. డ్యూటీ లేకపోయినా తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది. షిఫ్టుల అలవాటు ఇంకా పోలేదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నిజానికి ఈ అలవాటు ఉద్యోగం కన్నా చాలా పాతది. మా నాయనమ్మ దగ్గర పడుకున్న రోజుల నుంచీ ఉంది.

ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మకు దగ్గర్లో మా పల్లె. పెద్ద ఊరికి దక్షిణాన, చెరువుకట్ట దాటాక ఇరవై మూడు ఇళ్ళు. నా చిన్నప్పుడు అన్నీ తాటాకు కప్పులే. ఒక చివర మట్టిగోడల గుడి, దాని ముందు వేపచెట్టుకు ఇనుప తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఆదివారం దాన్ని సుత్తితో కొడితే అదే మాకు గంట. ఇంకో చివర మా ఇల్లు. నన్ను కన్నప్పుడే అమ్మ పోయింది. నాన్న సాగర్ కాలువ పనులకు పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. ఇంట్లో నేనూ నాయనమ్మా.

ఆమె బుడ్డి వెలిగించేది కాదు, కిరసనాయిలు దండగని. చీకట్లోనే కుక్కి మంచం దిగి, ముంతెడు నీళ్ళతో మొహం కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, గోనెపట్టా మీద మోకాళ్ళూనేది. ఆ మోకాళ్ళు నల్లగా కాయలు కాసి ఉండేవి. ముందు ఒక పాట. గొంతు పెద్దది కాదు. రాత్రంతా నిద్రపోయిన గొంతు కాబట్టి మొదటి చరణం బొంగురుగా ఉండి, రెండో చరణానికి తేటపడేది. తర్వాత ఒక కీర్తన చూడకుండా చెప్పేది. ఆమెకు చదువు రాదు. ఆమె చిన్నతనంలో ఒంగోలు నుంచి వచ్చి ఇంటింటికీ వాక్యం చెప్పిపోయే బైబిల్ స్త్రీ నోటి నుంచి విని నేర్చుకున్నవి బైబిల్లోని 23, 91, 103, 121 కీర్తనలు. నేను బడికి పోవడం మొదలుపెట్టాక రాత్రిళ్ళు ఆమెకు వాక్యం చదివి వినిపించేవాణ్ణి. ఎక్కడైనా ఒక మాట మింగేస్తే, అక్షరం రాని మనిషి, "అక్కడ ఇంకో మాటుండాలి, చూడు అబ్బయ్యా" అనేది. చూస్తే ఉండేది.

కీర్తన అయ్యాక ఇళ్ళు. గుడి పక్కింటితో మొదలుపెట్టి వరసగా ఒక్కో ఇంటినీ పేరుపేరునా దేవుని ముందు పెట్టేది. "గుడి పక్కింటోళ్ళ పెద్దపిల్లకి నెలలు నిండినయ్యి తండ్రీ, కాన్పు తేలిక చెయ్యి." "బావి కాడింటోడు మళ్ళీ అప్పు చేశాడు, వాడికి బుద్ధీ ఇయ్యి, దారీ ఇయ్యి." వీధిలో నడిచి పోతున్నట్టే ఉండేది ఆ ప్రార్థన. నేను దుప్పట్లో పడుకునే ఆమెతో పాటు వీధంతా నడిచేవాణ్ణి. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి కొడుకు ఉత్తరం రాయలేదో నాకు అలాగే తెలిసేది. చివర్న మా ఇల్లు. దానికి మాత్రం అడిగేది ఏమీ ఉండేది కాదు. రోజూ ఒకటే మాట: "ఈ ముసిల్దాని ఇంటిని కూడా మర్చిపోబాక తండ్రీ." అక్కడితో ఆమెన్. అప్పటికి తూర్పున వెలుగు వచ్చేది.

ఎనిమిదో తరగతికి ఒంగోలులో హాస్టల్లో చేరాను. అక్కడ సండే స్కూల్లో మత్తయి 6వ అధ్యాయం చెప్పారు. గదిలోకి పోయి, తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమన్నాడు ప్రభువు. సెలవులకు ఇంటికి రాగానే నాయనమ్మను అడిగాను, నువ్వు వీధికంతా వినపడేలా ఎందుకు చేస్తావని. ఆమె నొచ్చుకోలేదు. ఇంటి ముందున్న తడిక వైపు చూసి, "మనింటికి తలుపేది అబ్బయ్యా? గొంతు తగ్గించే చేస్తన్నా. తాటాకు మాటలాపుద్దా?" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు నిజంగానే ఇంకా గొంతు తగ్గించింది. అప్పుడు బావి కాడింటి అవ్వ ఒకరోజు నీళ్ళ దగ్గర ఆపి, "ఏందే, మా ఇంటిని తీసేశావా?" అని అడిగింది. అంటే వాళ్ళు రోజూ వింటున్నారన్నమాట. ఆ చీకట్లో ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని, తమ వంతు వచ్చేదాకా ఎదురుచూస్తున్నారన్నమాట. నాకది ఆరోజే తెలిసింది.

మా పక్కిల్లు, అంటే వరసలో ఇరవై రెండోది, పడమటింటి బాబాయిది. మంచి పనిమంతుడు. సారా తాగితే మాత్రం మనిషి మనిషి కాడు. ఒకసారి అతని మేక మా చిక్కుడుపాదు మొదలంటా తినేసింది. నాయనమ్మ అరిచింది. అతను తాగి ఉన్నాడు. మాటా మాటా పెరిగింది. మా నీళ్ళకుండను కాలితో తన్ని, తడికను పీకి వీధిలో పడేశాడు. నాయనమ్మకు ఒళ్ళు మండి, "నీ చేతులు పడిపోను" అని శాపనార్థం పెట్టింది. ఆమె నోట అలాంటి మాట నేను వినడం అదొక్కసారే.

మర్నాడు నాలుగింటికి నేను ముందే లేచి చెవులు రిక్కించి పడుకున్నాను. తడిక లేదు. బయట పది అడుగుల దూరంలో బాబాయి మంచం కనిపిస్తూనే ఉంది. పాట పాడలేదు ఆరోజు. కీర్తన చెప్పి, ఇళ్ళు మొదలుపెట్టింది. ఒకటి, రెండు... ఇరవై ఒకటో ఇల్లయింది. ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందంటే అయిపోయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది: "నిన్న వాడి చేతులు పడిపోవాలన్నా తండ్రీ. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నా. వాడి చేతులు చల్లగా చూడు. ఆ చేతుల మీద ముగ్గురు బిడ్డలు బతకాల." మంచం మీద బాబాయి కదలలేదు. నిద్రలో ఉన్నాడనుకున్నాను. సాయంత్రం పని నుంచి వస్తూ నాలుగు తాటాకు మట్టలు, కొబ్బరితాడు తెచ్చి, ఎవరితో ఏమీ మాట్లాడకుండా మా తడిక కట్టిపోయాడు. ఆరోజుతో తాగుడు మానేశాడని రాస్తే అబద్ధమవుతుంది. ఇంకో నాలుగేళ్ళు తాగాడు. కానీ తాగి వచ్చిన రాత్రిళ్ళు మా ఇంటి ముందుగా వచ్చేవాడు కాదు, చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి పోయేవాడు.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల అర్ధరాత్రి ప్రార్థిస్తూ పాటలు పాడుతుంటే ఖైదీలు వింటూ ఉన్నారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. ఈ భాగం మీద ప్రసంగం అంటే ఎక్కువగా భూకంపం గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ ఖైదీల దగ్గరే ఆగాలనిపిస్తుంది. తలుపులన్నీ తెరుచుకున్నాయి, సంకెళ్ళు ఊడిపోయాయి. ఒక్కడు కూడా పారిపోలేదు. వాళ్ళలో దొంగలుంటారు, ఇంకా ఏమేం చేసినవాళ్ళుంటారో. వాళ్ళను అక్కడ పట్టి నిలిపింది ఏమిటి? అంతకుముందు చీకట్లో పడుకుని విన్న ఆ పాటే అయి ఉండాలని నా నమ్మకం. బాబాయి మంచాన్ని చూసినవాణ్ణి కాబట్టి నాకు అలా అనిపిస్తుంది.

నాయనమ్మకు ఈ వరస ఎక్కడిదో ఒకసారి చెప్పింది. నాకు పదేళ్ళప్పుడు కొత్త సంవత్సరం రోజు చీకటితో నన్ను ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కించింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండ మీద అమెరికన్ మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకాళ్ళూని, కింద కనిపిస్తున్న ఊళ్ళన్నిటి కోసం ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అడిగిన పన్నెండేళ్ళకు, 1866లో ఇంకో అమెరికన్ మిషనరీ, క్లౌ దొర వచ్చాడు. కొండ మీద నిలబడి నాయనమ్మ మా పల్లె దిక్కుకు చెయ్యి చూపించింది. "ఆ అయిదుగురికీ మన పేర్లు తెలవదు అబ్బయ్యా. అయినా అడిగారు. మరి మనకి పేర్లు తెలుసు గదా, అడక్కుండా ఎట్టుంటాం?"

వాళ్ళ తాత కథ కూడా ఆ కొండ మీదే చెప్పింది. ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, పల్లెల్లో జనం ఆకులూ దుంపలూ తిని చచ్చిపోతుంటే, క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళను మాత్రం ఆపాడు, కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. ఆ కట్టడి తీసేశాక, 1878 జూలై 3న, వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నీళ్ళలో దిగినవాళ్ళలో పన్నెండేళ్ళ పిల్లాడు మా నాయనమ్మ వాళ్ళ తాత. కాలువ మీద మట్టి మోసిన జనానికి ఆగిన పూట పక్కన కూచుని వాక్యం చెప్పింది మన తెలుగు బోధకులే. తాత చెప్పినదాంట్లో నాయనమ్మకు బాగా గుర్తున్నది అది. "గంప దించినప్పుడల్లా ఒక మాట ఇన్నాడంట మా తాత. అట్టా ఇనీ ఇనీ నిండాడు."

అంతకుముందు, 1867 ప్రాంతంలో, తెలుగు బోధకుడు యెర్రగుంట్ల పేరయ్య ద్వారా విశ్వసించిన తొలి కుటుంబాలకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. అన్నిటికన్నా గొడవ తెచ్చింది ఆదివారమే. చాకిరీ తప్ప ఇంకేం తెలియదనుకున్న మనుషులు వారంలో ఒకరోజు మాది కాదు, దేవునిది అంటే ఊళ్ళో ఎవరు ఒప్పుకుంటారు? బావి దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోకి పిలవలేదు, కొట్టారు. నూరేళ్ళ తర్వాత కూడా నాయనమ్మ ఆ ఆదివారం దగ్గర కూలి పోగొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

మా వైపు వర్జీనియా పొగాకు. ఆకు పండితే ఆగదు. కొట్టాలి, కర్రలకు కట్టాలి, ఆకు ఆరబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించాలి. సీజనులో ఆసామికి ఆదివారం, సోమవారం అని ఉండదు. నాయనమ్మ ఆదివారం రానంటే, ఒక ఆసామి ఆ వారమంతా పనిలోకి రావద్దన్నాడు. రెండు వారాలు అలాగే గడిచింది. ఇంట్లో నూకలు అడుగంటాయి. అయినా వంటకు పోసే ముందు పిడికెడు తీసి గుడి దుత్తలో వేసేది. మూడోరోజు ఆ పిడికెడు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని నా పిడికిలితోనే వేయించింది. నా పిడికిలి చిన్నది కాబట్టి అలా చేసిందని పెద్దయ్యాక అర్థమైంది. మొక్కు తప్పలేదు, నా అన్నమూ తగ్గలేదు.

ఆసామి మళ్ళీ పిలిచాడు, కట్టేవాళ్ళు దొరక్క. ఆయన భార్య ఒకసారి అడిగింది, "ఏమే, ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆ గుళ్ళో ఏం చేస్తారే?" అని. "పాడతామమ్మా. ఆయన చేసిన మేళ్ళు తలుచుకుంటాం. మీ ఇంటిని కూడా తలుచుకుంటాం" అంది నాయనమ్మ. "మా ఇంటినా?" అందామె. అంతకుమించి ఏమీ అనలేదు.

రెండేళ్ళకు ఆమె కొడుకు ఏడేళ్ళవాడు జ్వరంతో పోయాడు. ఆ సంవత్సరం పొగాకు పనికి సెలవుల్లో నేనూ పోయాను. పందిరి కింద పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని రాత్రి తొమ్మిదిదాకా కట్టేవాళ్ళం. పచ్చాకు జిగురు వేళ్ళకు తారులా అంటుకుంటుంది. అన్నం తిన్నా చేదే. నలుగురు ఆడవాళ్ళు ఆకు అందిస్తూ, పురి కొసను తిప్పి ముడి వేస్తూ, ఆ లయలోనే మెల్లగా పాడేవారు. ఆరోజు నాయనమ్మ ఒక సిలువ పాట ఎత్తుకుంది. సగంలో తలెత్తి చూస్తే అమ్మగారు స్తంభం వెనక నిలబడి ఉంది. నెలలుగా గదిలోంచి బయటికి రాని మనిషి. అందరూ పాట ఆపేశారు. ఆమె స్తంభాన్ని పట్టుకుని, "ఆపారేం? పాడవా, పెద్దమ్మా" అంది.

పెద్దమ్మా. అప్పటిదాకా ఏమే, ఒసే తప్ప ఇంకో పిలుపు లేదు. నాయనమ్మ చేతిలో కర్ర అలాగే పట్టుకుని మొదటి నుంచీ పాడింది. అమ్మగారు మట్టిలోనే కూచుండిపోయి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. పాట అయిపోయాక ఇంకో పాట. ఆ రాత్రి కట్టవలసిన కర్రలు కట్టలేదు. ఆసామి ఏమీ అడగలేదు.

ఆ ఇంటి చూరులో మా వాళ్ళ కోసం దోపి ఉంచిన సత్తు గ్లాసు ఒకటి ఉండేది. మేమే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి. తర్వాతి సీజనుకు చూరులో అది లేదు. అమ్మగారు కాఫీ ఇంట్లోంచి స్టీలు గ్లాసుల్లో తెచ్చి చేతికే ఇచ్చింది. ఆ గ్లాసు ఎప్పుడు తీసేసిందో, ఏమని తీసేసిందో ఎవరం అడగలేదు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. తన పూజలు తనవే. కానీ కోత పండుగకు ఏటా ఒక గంపెడు దోసకాయలు, గుమ్మడికాయలు మా గుడి వేలానికి పంపేది. ఎవరి పేరున అని పాస్టరుగారు అడిగితే, "పెద్దమ్మ పేరున" అని కబురు.

చాలా ఏళ్ళకు ఉద్యోగం మీద డోర్నకల్లు జంక్షన్‌లో ఉన్నప్పుడు ఇదే మాట ఇంకో రూపంలో విన్నాను. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అక్కడ నియమితులైన అజరయ్యగారు, బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారట. పల్లెల్లో ప్రతి సాయంత్రం ఆరాధన జరగాలని పట్టుబట్టారు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి పెద్ద చర్చి, కెథడ్రల్ నీడలో కూచుని ఒక ముసలాయన నాకు చెప్పాడు, చుట్టుపక్కల ఊళ్ళలో పై కులాలవాళ్ళు ప్రభువును తెలుసుకోవడానికి కారణం దొరల ప్రసంగాలకన్నా, మాల మాదిగ పల్లెల్లో మారిన బతుకులేనని. నాకు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు మా వైపు ప్రతి గుడికీ మైకులున్నాయి, కీబోర్డులున్నాయి, వర్షిప్ టీములున్నాయి. పిల్లలు బాగా పాడుతున్నారు. నేను సంతోషిస్తాను. ఒక్కటే అడగాలనిపిస్తుంది వాళ్ళను: మైకు ఆపేశాక కూడా మీ పక్కింటాయన పేరు మీ నోట ఉంటుందా? వినేవాళ్ళు ఉన్నారని నాయనమ్మకు తెలిసిన తర్వాత కూడా ఆమె వాళ్ళ కోసం ఒక్క మాట మార్చలేదు. అందుకే వాళ్ళు నమ్మారు.

నాయనమ్మ 1989లో పోయింది, మాఘమాసపు చలిలో, మూడురోజుల జ్వరంతో. మట్టి చేసిన రోజు ఆసామి భార్య పల్లెలోకి వచ్చింది. మా వీధిలో ఆమె అడుగుపెట్టడం అదే మొదటిసారి. చాప మీద మా ఆడవాళ్ళ మధ్య కూచుని, నాయనమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో పొగాకు జిగురు నలుపు అలాగే ఉంది. ఎంత తోమినా పోనిది అది. ఆమె కొంగుతో ఆ వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచింది.

ఆ రాత్రి నాన్న, నేను ఆ ఇంట్లోనే పడుకున్నాం. నాలుగింటికి మెలకువ వచ్చింది. పాట లేదు. గోనెపట్టా మడిచి మూలన ఉంది. వీధిలో ఎవరి మంచాలో కిర్రుమంటున్నాయి, ఎవరో దగ్గారు. ఇరవై మూడు ఇళ్ళలోనూ మనుషులు మేలుకునే ఉన్నారని తెలుస్తోంది. నేను లేచి చెయ్యాలనుకున్నాను, గొంతు రాలేదు.

అప్పుడు తడిక అవతల నుంచి పడమటింటి బాబాయి గొంతు వినపడింది. అప్పటికి తాగుడు మానేసి అయిదారేళ్ళయింది, కానీ గుళ్ళో ఎప్పుడూ నోరు విప్పి ప్రార్థన చేసినవాడు కాదు. మంచం పక్కన నేలమీద మోకాళ్ళూని ఉన్నాడు. గుడి పక్కింటితో మొదలుపెట్టాడు. ఒక్క ఇల్లు తప్పకుండా, అదే వరసలో, బావి కాడిల్లు, చింతచెట్టు కిందిల్లు, మాటలు వెతుక్కుంటూ వీధంతా నడిచి వచ్చాడు. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. కాసేపు ఆగాడు. తర్వాత మా ఇల్లు. ఆ ఇంటికి వేరే మాట అతను ఎప్పుడూ వినలేదు. విన్నదే అన్నాడు:

"ఈ ముసిల్దాని ఇంటిని కూడా మర్చిపోబాక తండ్రీ."